తోపుడు కర్ర

అమ్మాయిల హాస్టల్, పద్దెనిమిదో గది
జులై 9

పెదనాన్నకు, పుల్ల దండాలు.

ఫోన్ చేద్దామనుకుని మానేశాను. ఫోన్‌లో మీరు రెండుసార్లు "ఊఁ" అంటారు, ఒకసారి "పెద్దమ్మకిస్తానుండు" అంటారు. ఈసారి నాకు అంతకంటే ఎక్కువ మాటలు కావాలి. అవి కూడా మీ చేతిరాతలో కావాలి.

నేను జపనీస్ చదవడం మొదలుపెట్టి నాలుగో ఏడు నడుస్తోంది. ఈ ఏడాది ఒక పరిశోధన వ్యాసం రాసి ఇస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. నలభై పేజీలు, అంతా జపనీస్‌లోనే. మా మేడమ్ ఆ దేశం నుంచి వచ్చిన పెద్దావిడ. గొంతు పెంచరు, తప్పు వదలరు. మొదటి రాత చేత్తోనే రాయాలంటారు. కాగితం నిండా గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం దించాలి, మీరు ఒక చెక్క నాలుకను ఇంకో చెక్క గూట్లో దించినట్టు.

నేను ఎంచుకున్న విషయం ఇది: చేతిపని గురువు దగ్గర్నుంచి శిష్యుడికి ఎలా చేరుతుంది. ఆ దేశపు ముసలి వడ్రంగులు చెప్పిన మాటలు ఒక పుస్తకంగా మా లైబ్రరీలో ఉన్నాయి. వాళ్లలో ఎవరూ పనిని నోటితో చెప్పలేదు. శిష్యుడు చూసి నేర్చుకోవాలి, అంతే. చదువుతుంటే నాకు మీరే గుర్తొచ్చారు.

పుస్తకంలోది ఒక్కటే చాలదట. నేను స్వయంగా ఒక పనివాడిని అడిగి రాబట్టిన మాటలు ఉంటేనే ఈ విషయానికి ఒప్పుకుంటామన్నారు. నాకు తెలిసిన వడ్రంగి మీరొక్కరే. తొమ్మిది ప్రశ్నలు పంపుతున్నాను. జవాబు కవరు మీద స్టాంపు కూడా అతికించాను. మీకిక సాకు లేదు.

మీ పుల్ల


కొట్టు
జులై 20

పుల్లకు,

కవరు అందింది. స్టాంపు అతికించి పంపడం మంచిదైంది.

జవాబులు. పన్నెండో ఏట పనిలోకి వచ్చాను. గురువు మా మేనమామ. ఇప్పుడు లేరు. కుర్చీలు, బల్లలు, తలుపులు చేస్తాను. పెట్టెలు చేయడం ఇష్టం. రంపానికి పదును నేనే పెట్టుకుంటాను. చేతులు బాగానే ఉన్నాయి, కళ్లే తగ్గాయి. మిషన్ వాడను.

ఎంతమందికి నేర్పానని అడిగావు. ఒక్కడికి. వాడు మానేశాడు. ఎలా నేర్పానంటే, నేను చేసేవాణ్ణి, వాడు చూసేవాడు.

తొమ్మిదో ప్రశ్న అర్థం కాలేదు. పనికీ మౌనానికీ గల సంబంధం అంటే ఏమిటి?

నువ్వు సరిగ్గా తింటున్నావో లేదో మీ పెద్దమ్మ అడగమంది. ముద్దుపేరు నిజంగానే అంటుకుపోతుందేమోనని ఆవిడ బెంగ.

పెదనాన్న


అమ్మాయిల హాస్టల్
ఆగస్టు 6

పెదనాన్నకు, పుల్ల దండాలు.

మీ జవాబులన్నీ జపనీస్‌లోకి మారిస్తే అరపేజీ వచ్చింది. మేడమ్ చూసి, వీరు మాటలు బాగా ఆదా చేసే మనిషిలా ఉన్నారే అన్నారు. విషయానికి మాత్రం ఒప్పుకున్నారు. ఇక వెనక్కి పోవడానికి లేదు. ఫిబ్రవరి మొదటి వారానికి ఇచ్చేయాలి.

మీకు నచ్చే సంగతి ఒకటి. అక్కడి రంపం మనవైపు లాగితే కోస్తుందట. మనది తోస్తే కోస్తుంది కదా. చిత్రిక కూడా వాళ్లు లాగే పడతారట. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు రెండు నిఘంటువులు పట్టాయి.

ఇంకో రెండు అడగాలి. కొట్టు మూలన గోనెసంచి కప్పిన మిషన్ ఉంది కదా. చిన్నప్పుడు గుర్రమనుకుని దాని మీదికి ఎక్కబోతే మీరు ఒక్క అంగలో వచ్చి దించేసేవారు. చేతిపని మీద ప్రేమతో మీరు మిషన్‌ను పక్కన పెట్టేశారని రాసుకున్నాను. నిజమే కదా?

మీరు నేర్పిన ఆ ఒక్కడు మా నాన్నే కదా. మీరు టీకి వెళ్లిన సమయంలో తొందరపడి వేళ్లు పోగొట్టుకున్నానని నాన్న చెప్పడం తెలుసు. ఆ తర్వాత బస్సు కండక్టరైపోయారనీ తెలుసు. అంతకు ముందు సంగతి కావాలి. మీ దగ్గర ఎలా నేర్చుకున్నారని నాన్నను అడిగితే, దిగాల్సిన స్టాపు వచ్చినట్టు లేచి వెళ్లిపోయారు. బస్సు ఆ చివరికి వినపడేలా మాట్లాడే మనిషి! ఇంటి మొత్తానికి సరిపడే మాటలు ఆయనే వాడేస్తున్నారనుకునేదాన్ని. ఇదొక్కటి మాత్రం మీరే చెప్పాలి.

మీ పుల్ల


కొట్టు
ఆగస్టు 25

పుల్లకు,

పాత రంపం ఒకటి పిడి విప్పి, అటు చివర బిగించి లాగి చూశాను. కోత సన్నగా, తిన్నగా వచ్చింది. తోసేటప్పుడు రేకు వంగిపోకుండా మందం కావాలి. లాగితే పల్చటి రేకు చాలు. వాళ్లు బాగా ఆలోచించారు. మేడమ్‌గారికి చెప్పు.

మేనమామ సంగతి రాస్తాను. ఆయన పనిలో మాట్లాడేవాడు కాదు. నేను తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకునేవాడు. పూర్తిగా చెడగొట్టాక కొలత కర్రతో వీపు మీద ఒకటి వేసేవాడు. అప్పట్లో అందరూ అంతే. నాకూ అదే అబ్బింది.

ఆయన నోటితో చెప్పింది ఒక్కటే ఉంది. చేసిన సామాను అడుగున, ఎవరికీ కనపడనిచోట, పెన్సిల్‌తో మూడు గీతలు గీయమన్నాడు. మొత్తం మనమే చేస్తేనే. ఒక్క కాలు వేరేవాడు చేసినా గీయకూడదన్నాడు. అది ఇప్పటికీ తప్పలేదు.

మిషన్ సంగతి, మీ నాన్న సంగతి వదిలెయ్యి. వేరేవి అడుగు.

పెదనాన్న


అమ్మాయిల హాస్టల్
నవంబర్ 18

పెదనాన్నకు,

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకండి. మీరు అనుకున్నా బయటికి అనరనుకోండి. ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

మూడో అధ్యాయం మీది. ఎన్ని రకాలుగా రాసినా ఒకటిన్నర పేజీ దాటలేదు. పక్కనే పుస్తకంలోని వడ్రంగులు పేజీలకు పేజీలు చెప్తున్నారు. నా వ్యాసం ఒక కాలు పొట్టిగా ఉన్న బల్లలా అయింది. ఆ కాలి కింద నేను ఒక ముక్క దోపాను. మీరు అన్నట్టుగా ఒక మాట రాశాను. "నేను నోరు విప్పను. నా చేతులు చెప్తాయి. కళ్లున్నవాడికి అది చాలు."

జపనీస్‌లో అది ఎంత బాగా కుదిరిందో! మేడమ్ రెండుసార్లు చదివి, దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. వాళ్ల పద్ధతిలో సున్నా చుడితే బాగుందని అర్థం. నాలుగేళ్లలో నాకు ఆవిడ చుట్టిన సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వ్యాసం ముగింపంతా ఆ మాట మీదే కట్టమన్నారు. కట్టేశాను.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, మీ ఉత్తరాల అసలు ప్రతుల్ని చివర జతపరచాలట. తెలుగు తెలిసిన ఇంకో మాస్టారు అనువాదంతో సరిచూస్తారట. లేని మాట ఉన్నట్టు రాస్తే వ్యాసం కొట్టేస్తారు. ఏడాది పోతుంది.

ఒక్క కాగితం రాసివ్వండి పెదనాన్నా. ఆ మూడు వాక్యాలే. పైన ఆగస్టు తేదీ వేయండి. నేనేమీ మీరు నమ్మనిది రాయలేదు కదా. మీరు బతికిన బతుకే అది. మీరు అనలేదు, అంతే తేడా.

మీ పుల్ల


కొట్టు
నవంబర్ 29

పుల్లకు,

ఆ కాలు నేను చేయలేదు. దాని కింద గీతలు గీయలేను.

అదీ కాక, ఆ మాట తప్పు.

పెదనాన్న


అమ్మాయిల హాస్టల్
డిసెంబర్ 5

పెదనాన్నకు,

మీ మూడు వాక్యాల ఉత్తరం అందింది. రెండు రూపాయల ఇంకు కూడా అయుండదు.

తప్పన్నారు. ఎందుకు తప్పో రాయలేదు. జులై నుంచి అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ ఒక తలుపు దగ్గరికి తీసుకెళ్లి గడియ పెట్టేస్తున్నారు. మీరు నోరు విప్పి ఉంటే నేను మీ బదులు మాట్లాడాల్సిన పనేముంది? నేను చేసింది తప్పే. ఆ తప్పు చేసేంత ఖాళీ వదిలింది మీరు. మీ మౌనం లోకానికి పెద్దరికంలా కనపడుతుంది. నాకు మాత్రం మన లెక్కలో సున్నా తెచ్చిపెట్టేలా ఉంది.

జనవరి పదికి మీ ఉత్తరాలు జతపరచాలి. ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు. అలవాటైపోయింది.

పుల్ల


కొట్టు
డిసెంబర్ 21

పుల్లకు,

దీన్ని ఆరు రోజులుగా రాస్తున్నాను. ఇంత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు.

నువ్వు కోపంగా రాసినదంతా సబబే. మీ పెద్దమ్మ చదివి, ఇన్నాళ్లకు ఒకరు అడిగారంది.

అప్పుడు మీ నాన్నకు పద్దెనిమిదేళ్లు. నాకు ముప్పై నాలుగు. మా నాన్న పోయాక వాణ్ణి నేనే పెంచాను, నా పక్కనే పనిలో పెట్టుకున్నాను. మంచి చెయ్యి వాడిది. నాకంటే మంచి చెయ్యి. ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

మిషన్ కొత్తగా కొన్నాం. బ్లేడు చక్రంలా తిరుగుతుంది. పొడుగు కొయ్యనైతే చేత్తో తోయవచ్చు. పొట్టి ముక్కైతే చెయ్యి బ్లేడు దాకా వచ్చేస్తుంది. దానికి తోపుడు కర్ర ఉంటుంది. మూరెడు కర్ర, చివర గంటు. కొయ్యను ఆ గంటుకు ఆనించి తోస్తే చెయ్యి దూరంగా ఉంటుంది. మిషన్ పక్కనే మేకుకు వేలాడదీసేవాణ్ణి. పొట్టి ముక్క కోసిన ప్రతిసారీ తీసుకునేవాణ్ణి. వాడు చూసేవాడు. ఎందుకు తీసుకుంటున్నానో ఒక్కసారి కూడా చెప్పలేదు. చూస్తున్నాడు కదా అనుకున్నాను.

ఆ రోజు నేను టీకి వెళ్లలేదు. కొట్టులోనే ఉన్నాను. పది అడుగుల దూరంలో తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాను. వాడు కుర్చీ కాలి కోసం పొట్టి ముక్క పెట్టాడు. కర్ర మేకుకే ఉంది. నేను చూశాను. మేకుకున్న కర్రనూ చూశాను, వాడి చేతినీ చూశాను. ఆగు అంటే సరిపోయేది. అనలేదు.

ఎందుకు అనలేదో ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. మేనమామ అయితే అనేవాడు కాదు. ఒకసారి బెదిరితే వాడికే తెలిసొస్తుందిలే అనుకున్నాను. బెదరడం దగ్గర ఆగిపోతుందనుకున్నాను. నేను నోరు తెరిచేసరికి మిషన్ చప్పుడు మారిపోయింది.

ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు.

ఆసుపత్రిలో మా అమ్మ నన్నే అడిగింది. చెప్పబోయాను. మంచం మీద నుంచి వాడు, అన్నయ్య టీకి వెళ్లాడమ్మా, నేనే తొందరపడ్డాను అన్నాడు. నేను మళ్లీ నోరు మూసుకున్నాను. మొదటిసారి భయం తెలియక, రెండోసారి భయపడి.

ఇంటికొచ్చి మిషన్ మీద గోనెసంచి కప్పాను. చేతిపని మీద ప్రేమ అని రాసుకున్నావు. అది కొట్టెయ్యి.

ఇది వాడి చేతి సంగతి. వాణ్ణి అడగకుండా నీకు రాయకూడదని పోయిన సోమవారం బస్ డిపోకి వెళ్లాను. వాడి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. ఎక్కడికన్నయ్యా అన్నాడు. చివరి దాకా అన్నాను. నవ్వి, మా అన్నయ్యకు ఊళ్లు చూడాలనిపించిందండోయ్ అని బస్సంతటికీ చెప్పాడు. ఆ చేత్తోనే టికెట్టు చించి ఇచ్చాడు. దారి పొడుగునా వాడి మాటలు విన్నాను. ముసలావిడకి మెట్టు జాగ్రత్త అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్నాయనకు చెయ్యి లోపల పెట్టుకోమన్నాడు. ఎవర్నీ వదల్లేదు. ప్రతి స్టాపులోనూ, ప్రతి మనిషికీ చెప్పాడు. అంత అరుపు ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది.

చివరి స్టాపులో అందరూ దిగారు. డ్రైవరు టీకి వెళ్లాడు. అప్పుడు చెప్పాను. ఆ రోజు నేను చూశానురా అన్నాను.

వాడు చాలాసేపు టికెట్ల సంచి సర్దుకున్నాడు. తర్వాత, "నాకు తెలుసన్నయ్యా. నువ్వు చిత్రిక ఆపడం కనపడింది. ఏమైనా అంటావేమోనని నీ వైపు చూశాను. అప్పుడే పోయాయి" అన్నాడు.

పుల్లా, నువ్వు నా పేరు మీద రాసిన మాటలో కళ్లున్నవాడికి చాలు అని ఉంది. వాడికి కళ్లున్నాయి. నన్నే చూస్తున్నాడు. చాలలేదు.

అంతా రాయమన్నాడు వాడు. టీ సంగతి కూడా రాయమన్నాడు. నీకు ఏడాది పోతే ఆ పాపం నాదే. అయినా ఇదే పంపుతున్నాను. దీన్ని జతపరుచు. పైన వేసింది ఈ రోజు తేదీయే. ఉత్తరం మొత్తం నేనే రాశాను. అడుగున గీతలు గీశాను, చూసుకో.

పెదనాన్న
|||


అమ్మాయిల హాస్టల్
ఫిబ్రవరి 27

పెదనాన్నకు, పుల్ల దండాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేశాను. నాన్న తీశారు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఫోన్ వింటే మీరు ఈర్ష్యపడేవారు.

జనవరి మొదట్లో మేడమ్ గదికి వెళ్లాను. ఎర్ర సున్నా చుట్టిన మాట మీది కాదనీ నాదనీ చెప్పేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడు మీ ఉత్తరం ఒక్కో వాక్యమే జపనీస్‌లోకి మారుస్తూ చదివాను. చప్పుడు మారిపోయింది అన్న వాక్యాన్ని మూడుసార్లు మొదలుపెట్టాను. ఆవిడ తొందరపెట్టలేదు.

అయిపోయాక ఒక మాటన్నారు. "ఆ పుస్తకంలో మాట్లాడినవాళ్లంతా గురువులే. వేళ్లు పోయినవాళ్లను ఎవరూ అడగలేదు."

తర్వాత ఎర్ర కలంతో ఆ సున్నా మీద ఆవిడే అడ్డగీత కొట్టి, సొరుగులోంచి కొత్త గళ్ల కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టారు. ఇచ్చేలోపే ఒప్పుకున్నాను కాబట్టి వ్యాసం కొట్టేయలేదు. మార్కులు మాత్రం కోసేస్తామన్నారు. కోయమన్నాను.

మూడో అధ్యాయం, ముగింపు మొదట్నుంచీ మళ్లీ రాశాను. అందుకోసం నాన్న దగ్గరికి వెళ్లి, మిమ్మల్ని అడిగిన తొమ్మిది ప్రశ్నలే ఆయన్నీ అడిగాను. తొమ్మిదో ప్రశ్న ఆయనకు అర్థమైంది. దానికే గంటసేపు చెప్పారు. పుస్తకం మళ్లీ తెరిస్తే ఇంతకు ముందు కనపడనివి కనపడ్డాయి. మూడేళ్లు ఊడవడమే చేసి పారిపోయిన ఒక శిష్యుడి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. అతనికి పేరు కూడా లేదు. నేను ఆ వాక్యం పక్కన నాన్నను నిలబెట్టాను.

నిన్న ముగ్గురు పరీక్షకులు కూర్చోబెట్టి అడిగారు. మీ పెదనాన్న మంచి గురువా కాదా అన్నాడు ఒకాయన, జపనీస్‌లోనే. నాకు ఆ భాషలో ఎప్పుడూ మాట తడబడుతుంది. నిన్న తడబడలేదు. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఒక పాఠం చెప్పడానికి ఆయన బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లారండీ అన్నాను. ఆయన రాసుకున్నాడు.

పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు. మా తరగతిలో కింద నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతాను.

ఒక ప్రతి మీకు పంపుతున్నాను. ఒక్క ముక్క చదవలేరని తెలుసు. ముప్పై ఒకటో పేజీలో ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టాను. ఆ రోజు కొట్టులో జరిగింది అక్కడుంది. డిసెంబర్‌లో నేను రాసిన ఉత్తరం మీ దగ్గరుంటే చించేయండి.

మీ పుల్ల


కొట్టు
మార్చి 16

పుల్లకు,

పుస్తకం అందింది. నీ ఉత్తరం చించను. అది రాకపోతే ఇది రాదు.

ఆదివారం మీ నాన్నను రమ్మన్నాను. వచ్చాడు. వాడు కొట్టు లోపలికి అడుగు పెట్టి ముప్పై నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లేవాడు.

ఇద్దరం పుల్ల పెట్టిన పేజీ తీశాం. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నేనే అయ్యుంటాను అని ఒక అక్షరం మీద వేలు పెట్టాడు. టికెట్టు మీద కూడా ఇంతకంటే పెద్దగా అచ్చేస్తారని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. ఎడమ చెయ్యి ఆ పేజీ మీద పరిచి కాసేపు ఉంచాడు. నేనూ పక్కన పెట్టాను.

పుస్తకానికి పెట్టె కావాలన్నాడు. నువ్వు చెయ్యి అన్నాను. చెయ్యి మంచిది నీది, నాకంటే మంచిదని ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను అన్నాను. వాడు వినపడనట్టు చెక్కలు వెతికాడు.

నువ్వు కోపంగా రాసిన డిసెంబర్‌లోనే మిషన్ మీది గోనెసంచి తీసేశాను. మోటారు మనిషిని పిలిచి బాగు చేయించాను. బెల్టు మార్చాడు. కొత్త తోపుడు కర్ర నేనే చేశాను, పాత మేకుకే తగిలించాను.

పెట్టెకు పొట్టి ముక్కలు కోయాలి. వాడు మిషన్ దగ్గరికి వెళ్లాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

"కర్ర తీసుకో" అన్నాను.

"చేతిలోనే ఉందన్నయ్యా" అన్నాడు.

ఉంది. నాకు కనపడుతూనే ఉంది. అయినా ఇంకోసారి అన్నాను.

పెట్టె అడుగున గీతలు గీయలేదు. సగం వాడిది.

పెదనాన్న